సుత్తి మామ ఆపిన బండి

ఏంటీ, మన జంక్షన్ ఎలా పుట్టిందో చెప్పాలా? కూర్చో. ఆ కుర్చీ కాదమ్మా, దాని కాలు ఊగుతుంది. పుట్టేదేముంది, దొరలు నాలుగు లైన్లు తెచ్చి ఇక్కడ ముడేశారు, ఇంజన్ల షెడ్డు కట్టారు, షెడ్డు చుట్టూ మేం చేరాం, ఊరైంది. అదెవరైనా చెబుతారు. సుత్తి మామ సంగతి తెలుసా నీకు? తెలీదు కదూ! బండి ఆగగానే ప్రతి చక్రాన్నీ సుత్తితో కొట్టి చూడ్డం ఆయన పని. మంచి చక్రం ఖంగుమంటుంది, పగులుంటే డొల్లగా పలుకుతుంది. ఆయన చెయ్యి ఊపితేనే బండి కదలాలి. నేనప్పుడు ఇంజన్లో బొగ్గు వేసేవాణ్ణి. ఆయన భార్య, అందరికీ అత్తే అనుకో, కెటిల్ పట్టుకుని ఆయన పక్కనే కిటికీ కిటికీకీ టీ అమ్ముతూ నడిచేది. "ఏం మామా, కాసేపు కూడా అత్తని వదిలి ఉండలేవా?" అని మా డ్రైవరు ఎకసెక్కాలాడేవాడు. మామ నవ్వేసి ఊరుకునేవాడు. నవ్వక ఏం చేస్తాడమ్మా, వినపడితేగా!

అదేనమ్మా నేను చెప్పేది! ఒకరోజు పొద్దున మామ ఒక్కడే వచ్చాడు. చక్రాలన్నీ కొట్టాడు. చెయ్యి ఊపకుండా వచ్చి, మా ఇంజన్ ముందు పట్టాల మీద కూర్చున్నాడు. స్టేషన్ దొర ముఖం కందగడ్డ చేసుకుని పరిగెత్తుకొచ్చాడు. మామ లేచి, "దొరా, నాకు చెవులు పనిచెయ్యవు. షెడ్డులో బాయిలర్ పేలిన రోజే పోయాయి. ఇన్నాళ్లూ మా ఆవిడే విని సైగ చేసేది. ఇవాళ జ్వరంతో పడుంది. ఈ బండి మంచిదో కాదో నాకు తెలీదు" అన్నాడు. పింఛను చేతికందే ముందు ఆ మాటన్నాడు! పార జారి నా కాలి మీద పడినా నాకు నొప్పి తెలీలేదు. బాయిలర్ పేలింది నేను ఉద్యోగంలో చేరకముందమ్మా! మా అమ్మని, కడుపుతో ఉన్న చెల్లెల్ని, అందరినీ నేనే ఎక్కించాను ఆ బళ్లల్లో.

తర్వాతేముంది, సామాన్ల తోపుడుబండి మీద అత్తని పడుకోబెట్టి తెచ్చారు. మామ మొదట్నించీ కొడుతుంటే, దుప్పటి కప్పుకుని వణుకుతూ వింది. మూడో పెట్టె దగ్గర మామ భుజం తట్టి మళ్లీ కొట్టమంది. గ్రీజు తుడిచి చూస్తే వెంట్రుకంత పగులు! దొర అత్త వైపు తిరిగి, "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని అరిచాడు. అత్త ఏమందో తెలుసా? "టీలో చక్కెర సరిపోయిందా అని నేనడిగితే చెప్పారు గానీ, చక్రం ఎలా ఉందని నన్నెవరైనా అడిగారా బాబూ?"

ఏం బహుమతమ్మా, సాయంత్రానికల్లా రైల్వే ఇల్లు ఖాళీ చేయించారు. పింఛనూ లేదు, ఏమీ లేదు. ఏ ఊరెళ్లారో తెలీదు. మర్నాడు కొత్తాయన వచ్చాడు. కుర్రాడు, చెవులు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. టకటకా అన్నీ కొట్టి చెయ్యి ఊపాడు. గార్డు పచ్చజెండా చూపించాడు. మా డ్రైవరు నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను. హ్యాండిల్ మీద ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. దొర కేకలేస్తున్నాడు, జనం కిటికీల్లోంచి తొంగి చూస్తున్నారు, మేం మాత్రం కెటిల్ పట్టుకుని అత్త వస్తుందేమోనని ప్లాట్‌ఫాం వంకే చూస్తున్నాం...

ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, దాని చప్పుడుకి ఏమీ వినపడ్డం లేదు.