రోసెందో కొట్టిన విసోన్

గొర్రెల బొచ్చు కత్తిరించే పాకలో కాసేపు పని ఆపారు. ముసలి ఎర్మీనియా సొరకాయ బుర్రలో వేసిన మాతే ఆకు మీద వేడినీళ్లు పోసి, టీలా తాగడానికి ఒక్కొక్కరికీ అందిస్తోంది. వాగు వైపు నుంచి ఎవరొచ్చినా ఆమె అడిగేది ఒకటే, వంపులో నీటికుక్క కనపడిందా అని. ఈ వసంతంలో పిల్లల్ని పెట్టింది, వారం నుంచి జాడ లేదు. ఇవాళ అటునుంచి వచ్చిన రోసెందోని అడిగింది.

"నీటికుక్క సంగతి నాకేం తెలుసు పిన్నీ? విసోన్ల సంగతి అడుగు. ముంగిసంత లేవు, బొచ్చు కోసం ఎవరో బోనుల్లో పెంచితే తప్పించుకొచ్చి మన వాగు మీద పడ్డాయి, ఒక్క బాతుగుడ్డు మిగిల్చాయా? నా కోళ్లని మిగిల్చాయా? ట్రౌట్ చేపలైతే నన్ను చూసి ఒకటే ఏడుపు, నువ్వే దిక్కు రోసెందో అని! సరేనని ఉచ్చు పెట్టా. ఒకటి పడింది."

"ఒకటేనా?" అన్నాడు అతని మేనల్లుడు అమాన్సియో.

"ఆగరా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి మిగతావన్నీ గట్టు మీద వరసకట్టి నిలబడ్డాయి. తుపాకీ పేల్చా. ఒక్క తూటా అన్నింట్లోంచీ దూరి, కొండ దాటి, చిలీలో ఎవడి టోపీనో ఎగరగొట్టి, తిరిగొచ్చి నా జేబులో పడింది."

"బుర్ర పట్టుకు కూర్చోకు మామా, అది మైకు కాదు. తాగి ఇటివ్వు."

"ఇదిగో తీసుకో. అప్పుడు లేచింది చూడు వాటి రాజు, దూడంత! అది నీళ్లలోంచి బయటికొస్తే వాగు మోకాలి లోతుకి దిగిపోయింది."

ఎర్మీనియా నీళ్లు పోయడం ఆపేసింది. "తోక ఎలా ఉంది?"

"మొదలు దగ్గర నా చెయ్యంత లావు పిన్నీ, చివర సన్నం."

"వేళ్ల మధ్య?"

"పొర! బాతుకున్నట్టే. నన్ను చూసి పారిపోలేదు, అడ్డంగా నిలబడింది, వెనకాల రెండు చిన్నవి. ఎంత పొగరో చూడండి! ఒక్క దెబ్బ, అంతే."

ఎర్మీనియా వేడినీళ్ల గిన్నె కింద పెట్టేసింది.

"విసోన్ తోక కుచ్చులా ఉంటుంది రోసెందో. దాని వేళ్లకి అంత పొర ఉండదు." "నువ్వు కొట్టింది నా నీటికుక్కని. ఈ వాగులో అదొక్కటే మిగిలిందిరా."

రోసెందో గబుక్కున లేచాడు. "అయ్యో పిన్నీ, అంతా కోతలే! తూటా ఎక్కడైనా జేబులోకి తిరిగొస్తుందా? నీ మీద ఒట్టు, నేను దేన్నీ కొట్టలేదు. ఒరే అమాన్సియో, నువ్వు చెప్పరా, మీ మామ నోరు తెరిస్తే అబద్ధాలేనని!"

అమాన్సియో తల వంచుకున్నాడు.

"అబద్ధాలే మామా. కానీ ఆ తోలు మీ వంటింటి గోడకి మేకులు కొట్టి ఉంది, నిన్న చూశాను. పక్కన రెండు చిన్నవి కూడా ఉన్నాయి."