కోళ్లగూటికి అడుగు

ఆటోనగర్‌లోని వెల్డింగ్ షెడ్డులో, చక్రాలున్న కోళ్లగూడు ఒకటి ఇంకా అడుగు లేకుండా నిలబడి ఉంది. వెల్డర్ ఇనప జాలీ చుట్ట విప్పుతుంటే, గూడు చేయించుకుంటున్నతను ఆపాడు.

“జాలీ వద్దు బావ. అడుక్కి మందం ప్లేటు వెయ్.”

“ప్లేటయితే రెట్ట కిందికి దిగదు. ఎండకి కోళ్ల కాళ్లు కాలిపోతాయి.”

“గడ్డి పరుత్తానులే.”

“అంత బరువు రోజూ ఎవులు తోత్తారు? తిప్పుకునే గూడు కావాలన్నావు కదా.”

“ఒకసారి పెట్టాక తిప్పను. సక్రాలు పీకేత్తాను.”

“ఎక్కడెడతావేటి?”

“తగరపువలస సైటులో.”

“అది మా అక్కది.”

“మా అన్న కొన్నదే కదా బావ. ఆడు పోయాక ఖాళీగా పడుంది.”

“అక్కకి సెప్పావా?”

“ఆవిడకి సెప్పేదేటుంది?”

వెల్డర్ జాలీని కొలతకు కోసి గూటి కింద పెట్టాడు.

“ఏటి సేత్తన్నావ్? ప్లేటు వెయ్యమన్నాను.”

“జాలీయే ఏత్తన్నాను బావ. సక్రాలు కూడా ఊడకుండా వెల్డింగ్ పెట్టేత్తాను. మా అక్క ఒక్కతే రోడ్డు మీదకి తోసీగలిగేలా ఉండాలి.”