సాపు ప్రతి

పెద్దాపురం దగ్గరి పల్లె, 1894. ఆడపిల్లల బడి చూడటానికి ఇనస్పెక్టరు దొరగారు రేపు వస్తున్నారు. బడి పెట్టించిన ఘనులు బుల్లిరాజుగారు మండువాలో ఉపన్యాసం వల్లె వేస్తున్నారు. భార్య అచ్చాయమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది.

“...కావున మహాజనులారా, నడుమ బడి మానిన బాలికలను మరల బడికి బంపుట తండ్రుల ప్రథమ కర్తవ్యము. ఎలా ఉందే?”

“బాగుందండి. ఏ తండ్రులకి?”

“అందరు తండ్రులకీను.”

“మన పాపాయి తండ్రిక్కూడానా?”

“మళ్ళీ మొదలెట్టావా.”

“నేనెక్కడ మొదలెట్టానండీ. పొద్దున్నుంచి మీరే, ఇది నాలుగోసారి. రెండేళ్ళ కిందట దాన్ని నాలుగో క్లాసులో మానిపించినప్పుడు ఈ కర్తవ్యం ఏ ఊరెళ్ళిందో మరి.”

“పెళ్ళయిన పిల్ల. రేపో మాపో కాపరానికి వెళ్ళాల్సింది. పాలకొల్లు వియ్యంకుడు వింటే ఏమంటాడు?”

“ఏమన్నాడేంటి?”

“నేనడగలేదు. అడిగితే లోకువ కదూ?”

“అడక్కుండానే ఆయన మాట కూడా మీరే చెప్పేశారన్నమాట.”

“నీకవన్నీ తెలీవులే. జ్ఞానమ్మ పంతులమ్మ ఇళ్ళకి వెళ్ళిందా? మానేసిన పిల్లలు పన్నెండు మంది తిరిగొస్తున్నారని దొరగారికి చెప్పాను.”

“ఆవిడతో నేనూ వెళ్ళానండి.”

“ఎంతమంది వస్తామన్నారు?”

“బుల్లబ్బాయిగారింట్లో నాకు మజ్జిగిచ్చారు. కిరస్తానీ అని ఆవిణ్ణి మాత్రం వీధిలో ఎండలో నిలబెట్టారు.”

“ఎంతమందే?”

“ఒక్కరూ లేరు. ‘మీ పాపాయి వస్తే మా మాణిక్యాంబని పంపుతాం’ అన్నారాయన. పన్నెండిళ్ళలోనూ అదే మాట. నవ్వు మాత్రం ఇంటికో రకం.”

“వాళ్ళకీ నాకూ పోలికేంటి? ఇది పరువున్న ఇల్లు.”

“అయితే పరువు లేని ఇళ్ళ పిల్లల్నా మీరు బాగుచేసేది?”

“నీతో మాట్లాడటం నాదే తప్పు. చదువుకోనీ నన్ను. అచ్చిబాబు ఎంత బాగా సాపు రాశాడో చూడు. గుమాస్తా అంటే వాడే. దొరగారికి ముందుగా పంపిన ప్రతి కూడా ఇలాగే ముత్యాల్లా రాసుంటాడు.”

“ఆ చివరి కాగితం కూడా చదవండి. ఇంతవరకూ మీరు తిప్పనేలేదు.”

“చివర దొరగారికి వందనాలేగా. అది నాకు నోటికొచ్చు.”

“అయినా చదవండి. నాకు వినాలనుంది.”

“సరే, విను. ‘అన్యులకు జెప్పుటకు మున్ను నేను జేసి చూపవలెను గనుక, నా కుమార్తె చిరంజీవి పాపాయిని నేటినుండియే మరల బడికి...’ ఇదేంటి?”

“ఆపేశారేం? అన్నిట్లోకీ అదే బాగుంది.”

“ఇది నేను చెప్పలేదు. ఎంత ధైర్యం వాడికి. పిలు, అచ్చిబాబుని పిలు.”

“అచ్చిబాబు చలిజ్వరమొచ్చి వాళ్ళూరెళ్ళి పది రోజులైందండి. చిత్తు కాగితాలు నా చేతికిచ్చి, వాడికిచ్చి రాయించమన్నారు. వాడు ఉన్నాడో లేడో చూసుకున్నారా?”

“మరి రాసిందెవరు?”

“నాలుగో క్లాసు దాకా చదివింది మనింట్లో ఇంకెవరున్నారండీ?”

“పాపాయా?”

“గుమాస్తా అంటే వాడే అన్నారుగా ఇప్పుడే.”

“చింపేస్తాను. ఈ కాగితం చింపేసి ఇంకోటి రాసుకుంటాను.”

“చింపండి. దొరగారి ప్రతిలో కూడా ఇదే ఉంది, సోమవారమే టపాలో వెళ్ళిపోయింది.”

“నా సంతకం లేకుండా ఎలా పంపారే?”

“సంతకం మీదేనండి. కాగితం పట్టుకుని మీ ముందు నిలబడింది పాపాయే. ‘చదివి పెట్టండి నాన్నగారూ’ అని కూడా అంది. మీరు తలెత్తి చూడలేదు.”