లాగి చూసే బేరం

ఆత్మకూరులో, హాస్టళ్ళ పెద్ద కుక్కర్లకు రబ్బరు రింగులు చేసే రేకుల షెడ్డు. చేతిసంచితో బయలుదేరిన అక్క వరలక్ష్మమ్మకు తమ్ముడు పెంచలప్రసాద్ అడ్డం నిలబడ్డాడు.

"సంచి కింద పెట్టక్కా. నువ్వు దుత్తలూరు పోయేది లేదు."

"ఏం, దుత్తలూరును నీ పేరున రిజిస్ట్రీ చేయించుకున్నావా?"

"నాకు తెలుసు నువ్వెందుకు పోతుండావో. ఆ హాస్టల్లో వంటమనిషి లిదియమ్మ చెవిలో ఊదేదానికే గదా! 'మా తమ్ముడి రింగులు వెయ్యొద్దు తల్లీ' అని. ఆమె వార్డెనుకు చెప్తాది. వార్డెను రంగనాథానికి చెప్తాడు. రంగనాథం మన మొహం చూడడు. ఉదయగిరి, కొండాపురం, మర్రిపాడు, మన గిరాకీ అంతా ఆయన అంగడి మీదుగానే గదా నడిచేది. షెడ్డు మూసుకుని ఇద్దరం భజన చేసుకుందామా?"

"నీ గొంతుతో భజనేందిరా, ఉన్న దేవుడు కూడా లేచి పోతాడు."

"నవ్వులాట కాదక్కా."

"లిదియమ్మకు మాత్రం నవ్వులాటా? పోయిన తడవ మన రింగు అణిగిపోయి, మూత పక్కనించి ఆవిరి కొట్టి, మోచేతి దాకా తోలూడిపోయింది. ఇప్పుడు కుక్కరు చూస్తేనే ఆమెకు వణుకు. మూత చుట్టూ పిండి పూసి, చిన్న ప్రార్థన చేసుకుని, స్టవ్వు వెలిగించి గుమ్మం దాకా పరిగెత్తుతుండాదంట. అన్నం వండుతుండాదా, టపాకాయ కాలుస్తుండాదా?"

"రింగుదే తప్పని ఎవరు చెప్పినారు? మూత సరిగ్గా బిగించి ఉండదు."

"అవునవును, పాపం మొన్ననే గదా వంట నేర్చుకున్నది! ఆమె అన్నం తిన్న పిల్లకాయలు ఇప్పుడు వాళ్ళ పిల్లకాయల్ని అదే హాస్టల్లో చేర్పిస్తుండారు."

"సరే, రింగుదే అనుకో. గంధకంతో ఉడికించిన రబ్బరు వేడికి కొంచెం అణుగుతాది. లోకంలో అణగనిది ఏముండాది?"

"కొంచెమా? ఆ రింగు తెప్పించి చూసినాను గదా, చపాతీ మాదిరుండాది. రబ్బరు పోగుల్ని గంధకం ముడులేసి పట్టుకుంటాది. వేడికి ఆ ముడులు వదులై, ఎట్ట నొక్కి ఉంటే అట్టనే మళ్ళా పడతాయి. ఇంక లేచేది యాడ? గంధకం బదులు పెరాక్సైడు మందేసి ఉడికించినామనుకో, పోగుకు పోగే నేరుగా అతుక్కుంటాది. ఊడేదానికి మధ్యలో గంధకమే ఉండదు. మూత తీయంగానే మళ్ళా గుండ్రంగా లేస్తాది."

"మందు డబ్బాల్లో వచ్చే కాయితాలు చదివి చదివి పండితురాలివైపోయినావు."

"పురాణాలన్నీ అయిపోయినాయి. చదివేదానికి డబ్బాలే మిగిలినాయి."

"మరి ఆ కాయితంలో రంగనాథం గురించి ఏమన్నా రాసుండాదా? నిరుడు నీ మాట విని ఆ పెరాక్సైడు తెప్పించి రింగులు చేస్తిమి గదా. ఆయన ఏం చేసినాడు?"

"ఏం చేస్తాడు, ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే. లాగినాడు."

"లాగినాడు, తెగింది, నా మొహాన కొట్టినాడు. మిగిలిన మందు డబ్బాలు ఇప్పటికీ మూలన పడుండాయి. ఈ పక్క అందరూ అంతేనక్కా. రింగు కొనాలంటే రెండు చేతుల్తో పట్టి లాగుతారు. సాగితే సరుకు, తెగితే చెత్త. గంధకం రింగైతే జడరబ్బరు మాదిరి సాగుతాది."

"కుక్కర్లో రింగును ఎవడు లాగుతాడురా? నొక్కుతారు. నొక్కిపెట్టి ఉడకేస్తారు. పెళ్ళికొడుకు గుణం తెలుసుకునేదానికి చెవులు పట్టి లాగి చూసినట్టుండాది మీ బేరం."

"అట్ట చూసే గదా బావను తెచ్చినారు నీకు."

"ఆయన ఊసెందుకు? పోయినాడు మహానుభావుడు. ఆయన పాయె, అమ్మ పాయె, పెద్దన్న పాయె. నువ్వొకడివి మిగిలినావు. నీతో పోట్లాడకూడదని పొద్దున లేస్తానే అనుకుంటాను."

"అనుకుని, కాఫీ చల్లారేలోగా మొదలుపెడతావు."

"నాకు భయంరా ప్రసాదూ. ఇంకో చెయ్యి కాలితే పోలీసులొచ్చి నిన్ను పట్టుకుపోతే..."

"వాళ్ళకూ ఒక రింగిస్తాను, లాగి చూసుకుంటారు. అయిపోయిందక్కా. పొద్దున్నే సరుకు రంగనాథం బండెక్కి హాస్టలుకు పోయింది. ఆయన చేతికి రింగు తీసిచ్చింది కూడా నువ్వే."

"నేనే ఇచ్చినాను."

"ఇట్ట లాగి, అట్ట లాగి, మెళ్ళో దండ వేసుకునేంత సాగదీసి, 'సరుకంటే ఇదీ' అన్నాడా లేదా?"

"అన్నాడు. దవడ పళ్ళు కూడా కనపడినాయి."

"ఇంకేంది మరి? నేను రింగుల రెండో అచ్చు బాగుచేయించేదానికి నెల్లూరు పోయుంటే, ఈ సరుకంతా ఒక్కదానివే ప్రెస్సు మీద తీసినావు. గొప్పదానివే, కాదనను. నీ చేత్తో చేసింది నువ్వే పాడుచేస్తావా?"

"బస్సు హారను వినపడుతుండాది. పక్కకు జరుగు."

"జరగను. పోతే మళ్ళా ఈ షెడ్డులో అడుగు పెట్టొద్దు."

"అంటే?"

"అంటే అంతే. నీ దారి నీది, నా దారి నాది."

"ఎంత తేలిగ్గా అనేసినావురా!"

"అక్కా... నోరు జారింది. కాదు, నువ్వే అనిపిస్తావు. ఒక్క మాట చెప్పి పో. లిదియమ్మతో రింగులు వెయ్యొద్దనే గదా చెప్పబోయేది?"

"వెయ్యమని."

"ఏంది?"

"భయం లేకుండా వెయ్యమని. ఆ పిండి, ఆ పరుగు మానమని. ఫోన్లో చెప్తే నమ్మలేదు, మన రింగంటేనే హడలిపోతుండాది. అందుకే పోయి, కొత్త రింగేసి మొదటి కుక్కరు నేనే పెడతాను. దింపేదాకా పక్కనే నిలబడతాను."

"నువ్వా? ఆ గంధకం రింగు పక్కనా? పిచ్చి పట్టిందా నీకు? ఈ వయసులో చెయ్యి కాలితే మానతాదా?"

"ఎందుకు కాలుతాది? మూత సరిగ్గా బిగిస్తాను గదా."

"ఎత్తిపొడుపులు చాలు. మూతదేం తప్పు లేదు, రింగే అణుగుతాది, నాకూ తెలుసు. పోవద్దక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ సరుకు వెనక్కి తెప్పిస్తాను. రంగనాథం ఏమన్నా అనుకోనీ, అంగడి పోతే పోనీ. ఇప్పుడే ఫోను చేస్తుండా, చూడు."

"ఫోను జేబులో పెట్టుకోరా. గంధకంతో చేసింది ఆయన లాగిన ఆ ఒక్క రింగునే. బండెక్కి పోయినవన్నీ పెరాక్సైడువి."