ముందు తన జేబు వెతుక్కున్న పెద్దక్క

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూలై పదకొండో తేదీ, సోమవారం ఉదయం, ఇస్త్రీ మడత నలగని తెల్లని దుస్తులతో, నడుముకు వేలాడే సరికొత్త కత్తెరతో ఒక యువతి మన ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగంలో నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. మధ్యాహ్న భోజనం ముగించుకుని వచ్చేసరికి ఆ కత్తెర మాయమైంది. నేడు ప్రధాన నర్సుగా పదవీ విరమణ చేస్తున్న, మనమందరం ఆప్యాయంగా పెద్దక్క అని పిలుచుకునే ఆ గౌరవనీయురాలి సుదీర్ఘ సేవాప్రస్థానం ఇలా ఒక నష్టంతో ఆరంభమైందని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఆమెతో పాటే చేరిన నేను అదే వారంలో టార్చి పోగొట్టుకున్నాను కనుక మా స్నేహం కూడా అక్కడే మొదలైంది.

మన వృత్తితో పరిచయం లేనివారికి ఇది అల్పవిషయంగా తోచవచ్చు. స్టెతస్కోపు, కత్తెర, టార్చి, పెన్ను నర్సు సొంతంగా కొని తెచ్చుకునే పనిముట్లు. ఇక్కడ ఎవరూ దొంగలు కారు. అయినా ఏ వస్తువూ పెట్టినచోట ఉండదు. "ఒక్క నిమిషం సిస్టర్, ఇప్పుడే ఇచ్చేస్తా" అంటూ పట్టుకెళ్లినవారి ఆ ఒక్క నిమిషం నెలలు గడిచినా పూర్తికాదు.

ఉద్యోగంలో కుదురుకున్నాక పెద్దక్క దీనికొక విరుగుడు కనిపెట్టారు. ఆమె స్టెతస్కోపు కావలసినవారు ఎంతటివారైనా సరే, ఒక కాలి చెప్పు ఆమె బల్ల కింద విడిచి వెళ్లాలి. "కళ్లజోడు లేనివాళ్లుంటారు, వాచీ లేనివాళ్లుంటారు. చెప్పుల్లేకుండా డ్యూటీకొచ్చేవాళ్లను నేనైతే చూళ్లేదు" అనేది ఆమె వాదం. నేడు మన విభాగాధిపతులుగా ఉన్న పెద్ద డాక్టరుగారు, ఆనాడు కొత్తగా చేరిన రోజుల్లో, ఒంటికాలి చెప్పుతో వార్డంతా తిరుగుతుంటే, కుట్లు వేయించుకున్న రోగులు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక పొట్టలు పట్టుకున్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం తాకట్టు లేదు; ఎవరి చేతికి ఏది అందితే అది తీసుకోవచ్చు.

కార్యదక్షత, సమయపాలన, రోగుల పట్ల అపారమైన సహనం ఆమెను అంచెలంచెలుగా ఉన్నత స్థానాలకు చేర్చాయి. రెండువేల పన్నెండులో ప్రధాన నర్సుగా పదోన్నతి పొందినప్పుడు, బస్సు డ్రైవరుగా పనిచేసే వారి భర్తగారు అభినందన సభలో మైకు అందుకుని, "ఆసుపత్రిలో ఎవరి కత్తెర ఎక్కడుందో ఈవిడకి తెలుసంట. మా ఇంట్లో మాత్రం పాలప్యాకెట్టు పళ్లతో చింపుకోవాల్సిందే" అని వాపోయారు. ఆ సభలో అందరికంటే ఎక్కువ నవ్వింది పెద్దక్కగారే.

అయితే ఆమె ఎంతటివారో మాకు తెలిసింది ఆ తరువాతే. కొత్తగా చేరిన ఒక నర్సు స్టెతస్కోపు కనిపించకుండా పోయింది. దర్జీ అయిన ఆమె తండ్రి దానికి పూలగుడ్డతో తొడుగు కుట్టి ఇచ్చారు. ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. "పక్కగుడ్డలు మార్చింది ఆయమ్మే కదా" అని ఎవరో అన్నారు. ఆ నోటా ఈ నోటా పడి ఆ మాట సాయంత్రానికి నేరమై కూర్చుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు. వార్డు ఊడ్చి, రోగుల పక్కలు సర్దే ఆయమ్మకు భర్త లేరు; ఇంటికి ఆ ఉద్యోగమొక్కటే ఆధారం. మరునాడు ఉదయం కార్యాలయ అధికారి ఒక కాగితం తెచ్చి పెద్దక్క ముందు పెట్టారు. అనుమానం ఆయమ్మ మీదేనని ఆమె సంతకం చేస్తే చాలు, ఆయమ్మ ఇక పనిలోకి రానక్కరలేదు. గుమ్మం పక్కన తన సంచిని గుండెలకు హత్తుకుని ఆయమ్మ నిలబడి ఉన్నారు.

పెద్దక్క కలం ముట్టలేదు. "ముందు మన జేబులు చూసుకుందాం సార్. ఆవిడ సంచి సంగతి తర్వాత" అన్నారు.

బల్ల మీద ఒక ఖాళీ ట్రే పెట్టించి, అందరికంటే ముందు తన జేబులు, తన అలమర తానే వెతుక్కున్నారు. తనవి కాని కత్తెరలు రెండు బయటపడ్డాయి. అందులో ఒకటి, ఎర్రదారం చుట్టినది, నాదే! "దొంగల్లో మొదటిపేరు నాది రాసుకోండి" అన్నారామె. ఆ తరువాత ఎవరికి మాత్రం తప్పించుకునే దారి ఉంటుంది? జేబులు, సొరుగులు, చేతిసంచులు తిరగేసిన కొద్దీ పరాయి పెన్నులు, పరాయి టార్చీలు ట్రేలోకి వచ్చి పడ్డాయి. పరువు ప్రతిష్ఠల గురించి అంతసేపు మాట్లాడిన అధికారిగారి జేబులో కూడా నర్సుల పెన్ను ఒకటి దొరికింది.

చివరకు పెద్ద డాక్టరుగారు పూలతొడుగు స్టెతస్కోపు పట్టుకుని వచ్చారు. అంతకుముందు రోజు ఒక రోగికి ఊపిరి ఆగినంత పనైనప్పుడు, చేతికందినది లాక్కుని, ఆ తరువాత కోటు జేబులో కుక్కి, కోటును గది తలుపు వెనుక తగిలించి ఆపరేషనుకు వెళ్లిపోయారట.

"ఇది నా కోటులోకి ఎలా వచ్చిందమ్మా?" అన్నారు అమాయకంగా.

"ఆ ప్రశ్నే సార్, మేమంతా ఆయమ్మను అడగబోయాం" అన్నారు పెద్దక్క.

ఆయన గుమ్మం వైపు తిరిగారు. అందరి ఎదుటా ఆయమ్మకు చేతులు జోడించి, "తప్పు నాది, తల్లీ" అన్నారు. కొత్త నర్సు "పిన్నీ" అంటూ ఆయమ్మను పట్టుకుని బావురుమంది. అధికారిగారు ఆ కాగితాన్ని నాలుగుగా మడిచి, చించి, చెత్తబుట్టలో వేశారు.

నాటి నుండి ప్రతి శనివారం డ్యూటీ మారే వేళ మన వార్డులో ఆ ట్రే తిరుగుతూనే ఉంది; పదవిలో పెద్దవారితో మొదలై చిన్నవారి వైపు సాగుతుంది. ఇతర విభాగాలవారు కూడా వచ్చి ఈ పద్ధతి నేర్చుకుని వెళ్లారు. వస్తువులు పోవడం ఆగిందా అంటే, లేదు. మన అలవాట్లు అంత తేలికగా మారేవి కావు. వాటితో పాటు ఒక మనిషి పరువు పోవడం మాత్రం ఆగింది. అందుకు మన ఆసుపత్రి పెద్దక్కగారికి ఎంతైనా రుణపడి ఉంది.

పదవీ విరమణ సందర్భంగా వెలువడే ఈ అభినందన సంచికకు వ్యాసం రాస్తున్నానని తెలిసి ఆయమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"నువ్వు గొప్పగొప్ప మాటలేవో రాస్తావుగానీ, నాదొక్క మాట కూడా రాయమ్మా. ఆ రోజు అందరూ నన్ను పిల్లల మీద ఒట్టెయ్యమన్నారు. పెద్దక్క ఒక్కతే, నువ్వు తీశావా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు."

ఇంతకు మించిన సన్మానపత్రం రాయడం నాకు చేతకాదు. పెద్దక్కగారూ, భర్త, బిడ్డల నడుమ, చల్లని ఆరోగ్యంతో, నిశ్చింతగా మీరు నిండునూరేళ్లు వర్ధిల్లాలి. ఇది మీ సహోద్యోగులందరి ఆకాంక్ష, అందరికంటే ముందుగా ఆయమ్మది.