లచ్చవ్వ బీడీల పింఛన్

"టికెట్టయింది గదా కాకా. ఇంటికి పోతున్నవ్, మొఖం గట్ల వెట్టినవేంది?"

ఏం జెప్పాలె కొడుకా... బుగులైతుంది, నిజంగనే భయమైతుంది. ఈడ గల్ఫుల, రూవి పట్నంల గంత ఎత్తు బిల్డింగులకు గోడలు కట్టిన, గప్పుడు గూడ గింత బుగులు కాలే. కూసో, చాయ తాగుకుంట ఇను.

మీ చిన్నమ్మ లచ్చవ్వ ఉన్నది గదా... ఉన్నదంటున్న సూడు, పోయి ఏడాదాయె. పొద్దుగూకులు చాట ముంగటేసుకొని బీడీలు చేసేది. మా బిడ్డ సుజాతకు కాలు సరిగ లేదు, ఎర్కే గదా, అది గూడ తల్లి పక్కకే కూసుండేది. నేను సెలవు మీద పోతే చాలు, చాట పక్కకువెట్టి నాకు తానానికి నీళ్లు కాగవెట్టేది. నేనచ్చిన కొత్తల ఈడ చాయ యాభై బైసలుండె, ఈడి చిల్లర పైసలు గవి, గది గూడ తాగకుండ ఇంటికి... ఆఁ, ఏం జెప్తున్న? పింఛన్. బీడీల కంపెనీల ఆమెకు పీఎఫ్ ఉండె గాబట్టి, ఆమె పోయినంక నెలనెలా మొగనికి పింఛనస్తదట. గని నేనే పోయి సంతకం వెట్టాలెనట. సుజాత కుంటుకుంట ఆఫీసుకు పోయి అడిగచ్చింది.

పోదునా, ఆగుదునా? పోతే మల్ల అచ్చుడు లేదు, గీ వయసుల ఎవడు వీసా తీస్తడు? వీసా అయిపోయినంక అడుగుదం తియ్ అని అందరికి జెప్పిన. గది పైకి. లోపట వేరే ఉన్నది. ఆమె పోయిన్నాడు ఎంత మొత్తుకున్నా సెలవియ్యలే, పాస్‌పోర్ట్ కంపెనోళ్ల తాననే ఉండె. మట్టికి అందలే. ఫోన్ల సూసిన, గంతే. ఇప్పుడు పోతే ఊరేమంటది? పీనుగ మీదికి రానోడు పింఛనుకచ్చిండు అనదా? ఊరు అంటే అననీయ్. సుజాత అంటే?

మనకాడ ఆపదైన ఇంటికి ఎన్నొద్దులకు పోయినా గడపల్నే మెడలు వట్టుకొని ఏడుస్తరు గదా. బిడ్డ నా మెడ వట్టుకుంటదా, దూరం నిలవడ్తదా? నా బుగులంత గదే.

మరి ఎందుకు పోతున్ననంటవా? మొన్న సైట్ల స్కాఫోల్డింగ్ మీద కండ్లు తిరిగినయ్. మలబారీ మేస్త్రి రెక్క వట్టి గుంజకపోతే పోదును. కిందికి దిగి నీడల కూసుంటే ఇంకో బుగులు వట్టుకున్నది. నేనీడ్నే పోతే గా పింఛన్ ఎవ్వలడుగుతరు? లచ్చవ్వ నడుము ఇరగ్గొట్టుకున్నదంత ఉట్టిగనే పోవాల్నా? ఇంట్ల సుజాతొక్కతే. గందుకే నీతోని టికెట్ తీపిచ్చిన.

ఇయ్యాల పొద్దుగాల బిడ్డకు ఫోన్ చేసిన. అస్తున్న బిడ్డా అన్న. తిట్టలే, ఏడ్వలే. ఒక్కటే అడిగింది, "ఎన్ని గంటలకు దిగుతవ్ బాపూ? తానానికి నీళ్లు కాగవెడ్త" అని.

గంతే అన్నది. బుగులు పోయిందా అంటే... పోలే. గడప దాటేదాంక పోదు.

నువ్వు సల్లగుండాలె కొడుకా. మీ అమ్మ నీళ్లు కాగవెట్టే కాలంలనే ఒకపారి పోయిరా. ఆఁ... చాయ సల్లారింది సూడు, తాగు...