టర్బో బండి ఎనక సీటు

"ఆగు భూమేశ్వరూ, గా ఫోన్ జర పక్కకు పెట్టు. సాదాదా, టర్బోదా అని పొద్దటి సంది తల గోక్కుంటున్నవ్ గని, నన్నొక్క మాట అడగొచ్చు గద. గీడ నేను లేనా?"

గట్లనుకుంట రామకిష్టయ్య సేటు చాయ్ గిలాస అందుకోని బల్ల మీద కూసోని కాలు మీద కాలేసిండు. ఆర్మూర్ల పసుపు మార్కెట్ గేటుకు ఎదురుంగ ఉంటది పెద్దులు చాయ్ హోటల్. మార్కెట్ల సేటుకు కమీషన్ దుకాణం. ఆలూర్ నుంచి వచ్చిన భూమేశ్వర్, ఆయన పెండ్లాం గంగామణి గప్పుడే సేటు దుకాణంల పసుపు అమ్ముకోని వచ్చి కూసున్నరు. ఇంట్లకు మొదటిసారి కారు కొంటున్నరు. నిజామాబాద్ షోరూమోళ్లు పదకొండు గంటల లోపల ఏదో ఒకటి చెప్పుమన్నరు. బండి ఒకటే, తెల్ల రంగు ఒకటే. సాదా ఇంజన్‌ది ఒకటున్నది, టర్బో ఇంజన్‌ది ఒకటున్నది, టర్బోకు రెండు లక్షలు ఎక్కువ. గా రెండు లక్షలతోని కల్లం మీద రేకుల షెడ్డు ఎయ్యాలని గంగామణి. పోయినేడు ఆరబోసిన పసుపంత అకాల వానకు తడిసి నల్లవడ్డది, ఆమె ఆ దినం కల్లంల కూసోని ఏడ్సింది. భూమేశ్వర్ పాణం మాత్రం టర్బో మీదనే. బాల్కొండల ఉండే బామ్మర్ది టర్బో కార్ల వచ్చి ఆయన మోటర్‌సైకిల్‌ను రయ్యిమని దాటిపోయిన కాడ్నుంచి ఆయనకు కంటికి నిద్రలేదు.

"నువ్వు నడిపినవా కాకా టర్బో?" అని అడిగిండు భూమేశ్వర్.

"నడిపినవా అంటవేంది? పోయిన బేస్తారం నాడు టెస్ట్ డ్రైవ్‌కు పోయిన. గా షోరూమాయన టై గిట్ల కట్టుకోని పక్క సీట్ల కూసున్నడు. సార్, జర మెల్లగ నడుపుండ్రి, గిది నూట యాబై గుర్రాల బండి అన్నడు. గుర్రాల ముచ్చట నాకు చెప్తవా అనుకున్న మనసుల. తాళం పెట్టిన, గేరేసిన, నిజామాబాద్ దాటినంక ముందట పసుపు బస్తాల లారీ పోతున్నది. దాన్ని దాటేసిన. గంతే. ఎక్కువ చెప్పుడు నాకు రాదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న."

పక్క బల్ల మీద బీడీ తాగుకుంట కూసున్న యాకోబు అదే మార్కెట్ల ట్రాలీ ఆటో నడుపుతడు. "లారీ నడుస్తుండెనా సేటూ, ఆగి ఉండెనా?" అన్నడు.

"నీ అసొంటోళ్లు ఉంటరనే నేను అందరికి చెప్ప. నడుస్తుండె. ఎనభై మీద నడుస్తుండె. నేను కాలు గిట్ల ఆనిచ్చిన, తొక్కలే, ఆనిచ్చిన. టర్బో అందుకున్నది. ఎన్క ఏమైందో ఎర్కేనా? నా అద్దాలు ముక్కు మీదికెళ్లి జారి చెవుల ఎనక్కి పోయినయ్. షోరూమాయన టై మెడ చుట్టు తిరిగి ఈపు మీద వడ్డది. అంగీ జేబుల ఉన్న పసుపు చీటీలన్ని లేసి ఎనక అద్దానికి అతుక్కున్నయ్. సాదా బండైతె లారీ ఎనకనే పొగ తాగుకుంట మామిడిపల్లి దాకా రావాలె. రెండు లక్షలు రెండు లక్షలు అంటరు గని, నిమిషంల దాటేసినమంటె గా నిమిషానికి ఇలువ లేదా?"

భూమేశ్వర్ పెండ్లాం దిక్కు చూసిండు. గంగామణి చాయ్ ఊదుకుంట తాగుతున్నది.

"మరి మైలేజ్ ఎంతిస్తది సేటూ? అసలు ముచ్చట గదే గద," అన్నడు యాకోబు.

"వస్తున్న, గాడికే వస్తున్న. పెర్కిట్ కాడ హైవే ఎక్కి బాల్కొండ దిక్కు తిప్పిన. ఎక్కేటప్పుడు అడ్డంగ ఒక బర్రె వచ్చిందని హారన్ కొట్టిన. కొట్టినంక కాలు జర గట్టిగ పెట్టిన. బాల్కొండ పోయిన, దిగిన, చాయ్ చెప్పిన, చాయ్ వచ్చింది, సగం తాగిన. గప్పుడు వినవడ్డది హారన్."

"ఎవరిది?" అన్నడు పెద్దులు వడగట్టుడు ఆపి.

"నాదే. పెర్కిట్‌ల కొట్టింది. పాపం, సప్పుడు ఎనకవడి ఇంక తొవ్వల వస్తనే ఉన్నది. గా హోటలాయన గూడ విన్నడు, పోయి అడుగుండ్రి."

"ఏ హోటల్?"

"గిప్పుడు తీసేసిండ్రు, రోడ్డు ఎడల్పు చేస్తున్నరని. మధ్యల మాట అందియ్యకు పెద్దులూ, ముచ్చట లయ తప్పుతది. ఏడున్న? ఆఁ, బాల్కొండ. ఎనక్కి మళ్లి ఆర్మూర్ వచ్చేసరికి నాకొక ఆలోచన వచ్చింది. సాపుగున్న రోడ్డు మీద ఎవడన్న ఉరికిస్తడు, ఎక్కుడు కాడ తెలుస్తది ఇంజన్ సత్తా. సిద్దుల గుట్ట ఎక్కియ్యాలె అనుకున్న. ఘాట్ రోడ్డు మీద మంది ఎక్కువున్నరు, దేవునికి పోయేటోళ్లను ఎందుకు ఇబ్బంది పెట్టాలె? గందుకని బండల మీదికెళ్లి ఎక్కిచ్చిన."

"బండల మీదికెళ్లి," అన్నడు యాకోబు.

"నల్ల బండల మీదికెళ్లే. కోతులు గూడ ఎక్కని దిక్కుకెళ్లి. షోరూమాయన కండ్లు మూస్కోని దండం పెట్టుకుంటున్నడు, బండి మాత్రం ఇంక ఎంతున్నది గుట్ట అన్నట్టు పోతున్నది. నెత్తి మీదికి పోయినం. బ్రేక్ ఏసిన. బ్రేకులు మంచియే, బ్రేకులల్ల ఏం లోపం లేదు, గని టర్బో ఇంక అందుకోని ఉండె. గుట్ట అయిపోయింది గని బండి ఆగలే. ఎన్క ఏమైందో ఎర్కేనా?"

"పైకి లేసింది," అన్నడు పెద్దులు.

"నీకెట్ల తెలుసు?"

"ఇంకేడికి పోతది సేటూ."

"లేసింది. నేను కిటికీకెళ్లి తల బయటపెట్టి చూసిన. పోచంపాడ్ డ్యామ్ నీళ్లు ఒక దిక్కు, మన మార్కెట్ల ఆరబోసిన పసుపు ఒక దిక్కు. గా ఎత్తుకెళ్లి గూడ చెప్తున్న, ఏ కుప్పల తేమ ఎంతున్నదో నాకు తెలిసింది. దిగుడు దిగుడు నవీపేట్ కాడ వరిపొలంల దిగినం. ఒక్క కంకి వంగలే. పొలమాయన గట్టు మీదికెళ్లి చూసి, సేటూ గీ బండికి డిక్కీ ఎంత అన్నడు. మనిషికి ఎంత తెలివి చూడు, వడ్ల బస్తాలు ఎన్ని వడతయని ఆయన ఆలోచన. ఎయ్యి చూద్దాం అన్న. పన్నెండు బస్తాలు ఏసిండు. ఇంక రెండిటికి జాగ ఉండె గని ఆయన కాడ గోనె సంచులు అయిపోయినయ్."

భూమేశ్వర్ నవ్వుతున్నడు గని, ఆ నవ్వు నమ్మనోని నవ్వు తీరుగ లేదు. ఫోన్ మల్ల చేతుల వట్టుకున్నడు. గది చూసి సేటుకు ఇంక హుషారు వచ్చింది.

"ఇగ మైలేజ్. యాకోబూ, నీకు బండ్లు నడుపుడు తెలుసు గని ఇంజన్ తెల్వది. టర్బో అంటె ఏంది? బయటికి పోయే పొగ ఉంటది గద, గా పొగతోని చక్రం తిప్పి గాలిని లోపలికి దబాయిస్తది. అవునా కాదా?"

"గది నిజమే," అన్నడు యాకోబు. ఆయనకే నవ్వొచ్చింది. "గని మెల్లగ పోతెనే మైలేజ్ వస్తది సేటూ. పద్దెనిమిది అంటరు గని ఊర్లల్ల తిరిగితె పన్నెండు గూడ రాదు, గట్టిగ తొక్కితె ఇంక తక్కువ."

"గది నీ అసొంటోళ్ల కాలు కింద. నా కాలు కింద ఏమైందో చెప్త విను. పొగ లోపలికి పోయింది, గాలి లోపలికి పోయింది, ఇంక బయటికి పోయేటందుకు ఏం మిగల్లే. అన్ని లోపల్నే పెట్రోల్ అయినయ్. నవీపేట్‌ల ముల్లు సగం మీద ఉండె, ఆర్మూర్ వచ్చేసరికి ట్యాంకి నిండి పొంగుతున్నది. భయమైంది, ఎండకాలం గద. పెట్రోల్ పంపు కాడ ఆపిన. గాయన పైపు పెట్టిండు. ఎన్క ఏమైందో ఎర్కేనా? మన ట్యాంకిలకెళ్లి పంపులకు పోయింది. మీటర్ ఎనక్కి తిరిగింది. ఇరవై రెండు లీటర్లు. పంపాయన నాకే పైసలిచ్చి, మల్ల ఎప్పుడొస్తరు సేటూ అన్నడు. రెండు లక్షలు ఎక్కువ, రెండు లక్షలు ఎక్కువ అంటవ్. దినాం ఒక్క పారి గుట్ట ఎక్కి దిగు, ఏడాదిల రెండు లక్షలు నీ ఇంటికొస్తయ్. షెడ్డు ఏం ఖర్మ, బంగ్లనే కట్టు."

"విన్నవా?" అన్నడు భూమేశ్వర్ పెండ్లాంతోని. నవ్వులాటకే అన్నడు, గని బొటనవేలు షోరూమోళ్లు పంపిన బుకింగ్ లింకు మీద ఉన్నది. పావు తక్కువ పదకొండు అయింది.

"అసలు ముచ్చట ఇంక చెప్పలే," అన్నడు సేటు ముందటికి వంగి. "పంపు కాడ్నుంచి గీడికి ఎంత దూరం? కిలోమీటర్ గూడ లేదు. పైసలొచ్చిన జోష్‌ల జర తొక్కిన. గీ హోటల్ ముందట ఆపి చూస్తె, గీ బల్ల మీద, గిదే మూలకు, నేను కూసోని చాయ్ తాగుతున్న. టెస్ట్ డ్రైవ్‌కు ఇంక బయలెల్లలే. నన్ను చూసి నేనే లేసి నిలవడ్డ. ఎట్లున్నది బండి అని అడిగిండు వాడు. తీస్కో, ఆలోచన చెయ్యకు అన్న."

పెద్దులు చాయ్ గిన్నె దించి సేటు దిక్కు తిరిగిండు.

"గందుకేనా ఆ దినం రెండు చాయ్‌లు పొయ్యిమన్నవ్," అన్నడు పెద్దులు.

"మరి."

అందరు నవ్విండ్రు. నవ్వు ఆగినంక గంగామణి గిలాస కింద పెట్టి, కొంగుతోని మూతి తుడుసుకోని, "మామా," అన్నది. "పొద్దుగాల మా పసుపు చూసినప్పుడు కొమ్ము తీస్కోని ఇరిచి చూసినవ్ గద. పైకి మంచిగ మెరుస్తున్నదని నేనంటె, మెరుపు పాలిష్‌ది బిడ్డా, రంగు లోపల చూడాలె అన్నవ్."

"అన్న. ఇరవకుండ కొనేటోడు సేటే కాడు."

"అయితె నీ ముచ్చట గూడ ఒక్కపారి ఇరిచి చూస్త. మేము కొనేది ఇంటిల్లిపాది కూసునేటందుకు. మా అత్తకు మోకాళ్ల నొప్పులు, పిల్లలిద్దరు, నేను, నలుగురం ఎనకనే కూసుంటం. నీ బండి గుట్టెక్కింది, గాల్లకు లేసింది, నీకు నువ్వే ఎదురైనవ్. అండ్ల ఎనక సీట్ల ఎవరున్నరు?"

సేటు ఇంతసేపు ఏ సవాలుకూ ఆగలే, గీడ ఆగిండు. "ఎనక సీట్లనా," అన్నడు. "ఎనక సీట్ల... నా ఇంటామె, మీ అత్త ఉండె. అంజమ్మ."

"ఏమన్నది?"

"ఏమంటది, మస్తు ఖుషీ అయింది."

గంగామణి అప్పటికే ఫోన్ చెవికి పెట్టింది. ఏటా అంజమ్మ ఇంటికి పసుపు పొడి గంగామణి కాడికెళ్లే పోతది, గా నంబర్ ఉండనే ఉన్నది. ఫోన్ ఎత్తంగనే లౌడ్‌ల పెట్టి బల్ల మీద పెట్టింది. సేటు చెయ్యి అడ్డం పెట్టబోయిండు గని యాకోబు బీడీ ఆ చేతికే అందిచ్చిండు, పట్టుకొమ్మని.

"అత్తా, మీరు చూసి వచ్చిన కారు ఎట్లున్నది? మేము గూడ గదే చూస్తున్నం."

"మంచిగున్నది బిడ్డా," అన్నది అంజమ్మ. "ఎనక సీటు ఎడల్పున్నది. మోకాళ్లు ముందట తాకలే. నేను, మీ మామ సల్లగ కూసున్నం."

"ఇద్దరు ఎనకనేనా? మరి నడిపిందెవరు?"

"షోరూం డ్రైవర్. మీ మామ నా చెయ్యి వట్టుకోని కూసున్నడు. యాబై దాటంగనే, మెల్లగ పోనియ్యి నాయనా, ఇంటి కాడ మనుమరాలున్నది అన్నడు. ఊరు దాటకముందే ఎనక్కి తిప్పిచ్చిండు."

"టర్బోదేనా చిన్నమ్మా?" అన్నడు భూమేశ్వర్. ఆయన గొంతుల జర ఆశ ఇంక ఉన్నది.

"టర్బోది ఎక్కనే లేదు కొడుకా. మనం పోయేది దవాఖానకు, పెండ్లిళ్లకు, గంత ఉరుకుడెందుకు, గా పైసలు ఇంట్ల ఉంటె అక్కెరకొస్తయని ఆయననే అన్నడు. నిన్న సాదాదే బుక్ చేసినం. మీ కాక చానా ఆలోచన చేసి తీసుకున్నడు, మీరు గూడ ఆయన్నే అడుగుండ్రి."

యాకోబు మొఖం పక్కకు తిప్పుకున్నడు. పెద్దులు పొయ్యి దిక్కు తిరిగి భుజాలు ఊపుకుంట నవ్వుతున్నడు. భూమేశ్వర్ లింకు మూసేసి షోరూంకు ఫోన్ కలిపిండు. "అన్నా, తెల్లది, సాదాదే రాస్కో. మా ఇంట్లోళ్లు గదే అంటున్నరు," అన్నడు. ఫోన్ పెట్టేసి పెండ్లాంతోని, "రేపే రేకులాయనను పిలుస్త," అన్నడు. గంగామణి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

రామకిష్టయ్య సేటు చేతుల ఉన్న యాకోబు బీడీని ఒకసారి చూసుకున్నడు. గొంతు సవరిచ్చుకున్నడు.

"నేను సాదాది ఎందుకు తీస్కున్ననో ఎర్కేనా? నా అసొంటోని చేతికి టర్బో వస్తె ఆర్మూర్ల వేరేటోళ్లు రోడ్డు మీదికి వస్తరా? నలుగురి మీద దయ తల్చి..."

"ఆయన గాడ్నే ఉన్నడా బిడ్డా?" అన్నది అంజమ్మ. ఫోన్ ఇంక బంద్ కాలే. "జర జెప్పున తోలియ్యి. డ్రైవింగ్ నేర్పే సారు వచ్చి అరగంట అయింది, వాకిట్ల కూసున్నడు. ఇయ్యాల బండి షురూ చేసుడు నేర్పుతడట."